చదవమాక, కొట్టు

చిత్తూరు కోర్టు గోడకు ఎదురుగా
జిరాక్స్ అంగడికీ టీ బంకుకీ సందులో
నా బల్ల, నా కుర్చీ. పందొమ్మిదేండ్లు.
మొదట్లో టైపు మిషను, ఇప్పుడు కంప్యూటరు.
కుర్చీ మీద మాత్రం అదే గోనెపట్ట.

నేను చేసినన్ని ప్రమాణాలు ఈ జిల్లాలో ఎవురూ చేసుండరు.
"హిందువు, వయసు సుమారు యాబై రెండు, వ్యవసాయం,
దైవసాక్షిగా చెప్పునది ఏమనగా" అని
ఒక్క పొద్దులో ఏడుగురిని అయిపోయి
సాయంత్రం కొంగారెడ్డిపల్లిలో చెప్పులు విడిచేది
మళ్ళా మునిరత్నమే.

పోయిన మామిడికాయల కాలంలో
తవణంపల్లె నుంచి చెంగమ్మ వచ్చింది.
ఇరవై మూడు తోతాపురి చెట్లు, ఒక గట్టు, ఒక దాయాది.
వకీలు రాసిచ్చిన కాగితంలో సర్వే నంబరు
నూటపద్నాలుగు బై రెండు.
ఆమె పాస్‌బుక్కులో బై మూడు.
నా వేళ్ళు ఆగినాయి.
"సార్, ఈడ నంబరు..." అంటిని.
ఫోను చెవి మీంచి తీయకుండానే
"చదవమాక మునిరత్నం, కొట్టు" అనె.

కొట్టినా.
పేజీకి ముప్పై, ఆరు పేజీలు.
పాస్‌బుక్కు అట్టలో దాచిన నోట్లు తీసి
ఎంచి ఇచ్చింది, రెండుసార్లు ఎంచి.
కేసు ఏమైందో నేను అడగలేదు.
ఆమె గేటు దగ్గర కనిపిస్తే
ప్రింటర్లో కాగితాలు సర్దుకుంటా,
సర్దిన కాగితాలే.

ఈ ఏడు లా కాలేజీ ఎంట్రన్సు ఫారాలు
ఈ బల్ల మీదే నలభై ఒకటి నింపినా.
అందరూ పిలకాయలు.
నేను టైపు హయ్యరు పాసైన ఏటికి
వాళ్ళ పుట్టిన తేదీలింకా క్యాలెండర్లోకే రాలేదు.
నలభై రెండోది నా పేరుతో తెరిచి పెట్టుండా.
తండ్రి: దొరసామి, లేరు.
డిగ్రీ: బి.ఏ., దూరవిద్య,
సెకండు క్లాసుకు నాలుగు మార్కులు తక్కువ.
వృత్తి అని అడిగిన గడిలో
కర్సరు కన్ను కొడతా ఉండాది.

తిరుపతికి ఆరున్నర బస్సు.
పూతలపట్టు, పాకాల, చంద్రగిరి,
కిటికీ సీటు దొరికితే రెండు గంటల చదువు,
దొరక్కపోతే రెండు గంటల నిలుపు.
బస్సు పాసు, కాలేజీ ఫీజు, హేమ ఇంటరు ఫీజు.
కోర్టు ముందర జాగాకు పట్టా లేదు,
ఎవుడు కూచుంటే వాడిది.
వారం ఖాళీగా వదిలితే
నా గోనెపట్ట మీద ఇంకోడి టిఫిన్ క్యారియరు ఉంటాది.

"నలభై మూడేండ్లకు క్లాసులోకి పోతే
లెక్చరర్ వచ్చినాడని పిలకాయలు లేచి నిలబడతారు సామీ"
అన్నాడు టీ బంకు ఢిల్లీబాబు.
అందరికన్నా గట్టిగా నేనే నవ్వినా.
రాత్రి రెండింటికి గూడా
ఆ పిలకాయలు లేచి నిలబడే ఉండారు.

కస్తూరి చెనిక్కాయలు ఒలస్తా అంతా వినింది.
పొమ్మనలేదు, వద్దనలేదు.
"ఆ కుర్చీలో నేను కూచుంటా. నాకి నేర్పీ" అనింది.

ఆదివారం. కోర్టు సెలవు.
పొట్టు అంటిన చూపుడువేలితో 'చ' కోసం
సంతలో తప్పిపోయిన మేకను వెతికినట్టు వెతికింది.
"తప్పు" అంటిని.
"తప్పే. యాడ చెరపాల?" అనె, రవ్వంత సిగ్గు లేకుండా.
పద్దెనిమిది నిమిషాలకు ఒక లైను:
దైవసాచ్చిగా చెప్పునది.

ఆడ ఆగి,
నేర్చుకోను ఇచ్చిన పాత కాగితం మీదికి వంగింది.
"ఇదేంది? పైన యాబై రెండేండ్లని,
కింద నలభై ఎనిమిదని ఉండాది ఈయప్పకు?"

మూడేండ్ల కిందటిది. నేను కొట్టిందే.
వకీలు సంతకం పెట్టిందే, స్టాంపు పడిందే.
ఇంత దూరం వచ్చింది ఎవురి కంటా పడకుండా.
నేను నోరు తెరిచినా.
తెరిస్తే నాలుక మీద సిద్ధంగా ఉండేది
ఆ వకీలు మాట.
అట్లే మింగినా. గొంతులో గీసుకుంటా పోయింది.

ఫారానికి శుక్రవారం ఆఖరు.
ఓటీపీ వస్తాది, పది నిమిషాలకు చస్తాది,
అడిగితే మళ్ళా పుడతాది.
పొద్దున్నుంచి నాలుగు పుట్టినాయి.

పక్కన కస్తూరి
'క్ష' కోసం ఇంకా వెతకతానే ఉండాది.